కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వాడే ముందు జాగ్రత్తలు

కావలి వైపు రొయ్యల చెరువుల మేత లెక్కలకైనా, చీమకుర్తి గ్రానైట్ బిల్లులకైనా సాఫ్ట్‌వేర్ రాసేవారు, కాన్ఫిగరేషన్ ఫైల్‌లో (ప్రోగ్రామ్ అమరికలుండే ఫైలు) పాస్‌వర్డ్‌కు బదులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి ఒక పేరుతో అందే విలువ) పెట్టే ముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

మొదట, అసలు విలువలుండే డాట్ ఈఎన్‌వీ ఫైలు పేరు గిట్‌ఇగ్నోర్‌లో (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్, పట్టించుకోకుండా వదిలేయవలసిన ఫైళ్ల జాబితా) ఉందో లేదో చూడండి. ఒకసారి కమిట్ అయిన (గిట్‌లో నమోదైన) రహస్యం, తరువాతి కమిట్‌లో తొలగించినా, గిట్ చరిత్రలో అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి, ఆ పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చడమే అసలైన విరుగుడు. ఇందులో ఉపేక్ష తగదు. పేర్లు మాత్రమే ఉన్న నమూనా ఫైలును రిపోజిటరీలో (గిట్‌లో ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) ఉంచితే, కొత్తగా చేరినవారు తడుముకోరు.

విలువ లేనప్పుడు ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ఒక అప్లికేషన్ భాగాలను కలిపి నడిపే సాధనమైన డాకర్ కంపోజ్, హెచ్చరిక మాత్రం ఇచ్చి ఖాళీ విలువతో సాగిపోతుంది. ఫ్లవర్ బ్రాకెట్ లోపల పేరు తరువాత కోలన్, ప్రశ్నార్థకం చేర్చితే, విలువ లేనప్పుడు అక్కడే ఆగుతుంది. డేటాబేస్ చిరునామాకు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

వేరియబుల్స్ అన్నీ స్ట్రింగ్‌లుగానే, అంటే అక్షరాల వరుసలుగానే అందుతాయి. ‘ఫాల్స్’ అని రాసినా, అది ఖాళీ స్ట్రింగ్ కాదు గనుక పైథాన్ షరతులో ‘ట్రూ’గానే లెక్కిస్తుంది, అసలైన ట్రూ/ఫాల్స్ విలువగా మార్చి వాడాలి. బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లోకి బిల్డ్ (కోడ్‌ను నడిపేందుకు సిద్ధం చేసే) సమయంలో చేరిన విలువను ఎవరైనా చూడగలరు కాబట్టి, పేమెంట్ గేట్‌వే రహస్య కీని అక్కడ ఉంచకూడదు.