గల్ఫ్ విమానం ఎక్కే ముందు

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డింగ్, రిగ్గింగ్ (క్రేన్లతో బరువులు ఎత్తి దించే) పనులకు వెళ్తున్న తమ్ముళ్లూ, డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో మీరే వెతకండి. మన ఊరివాడే కదా అని వదిలేయొద్దు. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి తీసుకోకూడదు. రసీదు తప్పనిసరి.

• విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే అస్సలు ఒప్పుకోవద్దు. మా వీధి కుర్రాడొకడు అలాగే వెళ్లి, నాలుగు నెలలు జీతం లేకుండా గదిలో కూర్చున్నాడు. వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి టికెట్ డబ్బులు పంపింది. ఆ రోజు ఆమె ముఖం నేను మర్చిపోలేను.

• పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) అని ఉంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే ఆ అనుమతి, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా రెండూ అయ్యాకే బయలుదేరండి.

• అక్కడ ఏళ్లుగా ఉన్న మనవాళ్లు ఇద్దరి నంబర్లు సంపాదించండి. కంపెనీ పేరు చెప్పి, జీతం నెలనెలా పడుతుందా, గదికి ఎంతమంది, ఎండాకాలం పని వేళలేంటి అని అడగండి. ఏజెంటు మాట కన్నా వాళ్ల మాటే నమ్మండి.

• ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ పోయినా అది ఉంటుంది.