కస్టమ్ గిటార్‌కి పికప్‌లు ఖాయం చేసే ముందు

ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకునేవాళ్లు చాలామంది పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) దగ్గర "అన్నీ ఉండాలి" అని హెచ్‌ఎస్‌హెచ్ చెప్పేస్తారు. అంటే అటూ ఇటూ హంబకర్లు (రెండు కాయిల్స్‌తో రొద తగ్గించేవి), మధ్యలో సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్నది). తొందరపడకండి. ఇప్పుడున్న గిటార్‌లో పికప్‌లు మార్చే స్విచ్ ఎక్కువసేపు ఎక్కడ ఉంచి వాయిస్తున్నారో ముందు గమనించుకోండి. మధ్య పికప్ జోలికే వెళ్లనివాళ్లకి అది పిక్‌కి అడ్డం తప్ప ఇంకేం కాదు. రెండు హంబకర్లు, కాయిల్ స్ప్లిట్ (హంబకర్‌లో ఒక్క కాయిల్‌నే వాడుకునే ఏర్పాటు) చాలు.

క్లీన్ టోనూ కావాలి, డిస్టార్షనూ కావాలి అంటే హెచ్‌ఎస్‌ఎస్ (బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్) నయం. కాకపోతే చేసేవాళ్లకి రెండు మాటలు గట్టిగా చెప్పండి. మధ్య సింగిల్ కాయిల్ రివర్స్ వౌండ్, రివర్స్ పోలారిటీది (కాయిల్ చుట్టిన దిశ, అయస్కాంత ధ్రువాలు రెండూ తిరగేసినది) అయి ఉండాలి. అప్పుడే నెక్ పికప్‌తో (గిటార్ మెడ వైపు ఉండేది) కలిపినప్పుడు హమ్ (గుయ్‌మనే రొద) పోతుంది. రెండోది పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే నిరోధకాలు) సంగతి. మామూలుగా సింగిల్ కాయిల్‌కి 250కె (కిలో ఓమ్‌లు), హంబకర్‌కి 500కె వేస్తారు. అన్నిటికీ 250కె వేస్తే హంబకర్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. నన్నడిగితే 500కె పెట్టించి, సింగిల్స్ మరీ పదునుగా అనిపిస్తే టోన్ నాబ్ కాస్త తగ్గించుకోవడమే మేలు.

24 ఫ్రెట్లు కావాలన్నారా? మామూలు డిజైన్లలో నెక్ పికప్ కొంచెం బ్రిడ్జ్ వైపు జరగక తప్పదు, ఆ నిండు శబ్దం కొంత తగ్గుతుంది. నాకైతే 22 చాలు.