దేవుని వాగ్దానాన్ని రోజువారీ జీవితంలో పట్టుకోవడం ఎలా?

ఆదివారం ఆరాధనలో "నా దేవుడు గొప్పవాడు" అని పాడేటప్పుడు ఎవరికీ సందేహం రాదు. సోమవారం ఆఫీసు నుంచి ఒక మెయిల్ వస్తుంది, లేదా స్కాన్ రిపోర్టు చేతికొస్తుంది, గుండె జారిపోతుంది. "విశ్వాసం ఉంచండి" అని అందరూ చెప్తారు కానీ ఉంచడమంటే ఆ పూట కూర్చుని ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది రాద్దామనే ఈ ప్రయత్నం.

మొట్టమొదట, మీరు పట్టుకున్న వాగ్దానం చుట్టూ ఏముందో చదవండి. ఇది తొందరపడి దాటేసే పని కాదు, ఎందుకంటే దేవుడు అననిదాన్ని ఆయన అన్నాడనుకుని ఎదురుచూసి, అది జరగకపోయేసరికి ఆయన మీదే మనసు విరిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. యిర్మీయా 29:11 తీసుకోండి. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అనే ఆ వచనం వాట్సాప్ స్టేటస్‌లో చూడనివాళ్లు ఉండరేమో. దానికి ముందున్న 10వ వచనంలో ఏముందో చూశారా? బబులోనులో 70 సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. ఇది బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి చెరగా తీసుకెళ్లిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో! కానీ అది దేవుడు పంపిన మాట కాదు. దేవుడు పంపిన ఉత్తరంలో, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. అంటే మాట నెరవేరడం ఖాయమే, ఎప్పుడన్నది ఆయన చేతిలో ఉంది, అంతవరకూ బతుకు ఆపుకుని కూర్చోవద్దనీ ఆయనే చెప్తున్నాడు. నా మటుకు నాకు 11వ వచనం ఇలా చదివాకే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

కాబట్టి ఏ వాగ్దానమైనా సరే, ఎవరితో అన్నాడు, ఏ పరిస్థితిలో అన్నాడు, షరతు ఏమైనా పెట్టాడా అని చూడండి. ఒక్క అధ్యాయం చదివితే చాలాసార్లు తెలిసిపోతుంది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు, దానికి ముందు వచనంలో ఆకలి గురించి, లేమి గురించి మాట్లాడుతున్నాడు. డబ్బు టెన్షన్‌లో ఉన్నవాళ్లు హెబ్రీ 13:5 మొత్తం చదవాలి, "నిన్ను ఏమాత్రమును విడువను" అనే మాట అక్కడ ధనాపేక్ష వద్దు అనే మాట పక్కనే ఉంటుంది.

తర్వాత, ఒక్క వచనం చాలు. పది వచనాలు వరసగా చదువుకుంటూ పోతే ఏదీ లోపలికి దిగదు. ఆ ఒక్కదాన్ని ప్రార్థనగా మార్చండి, అందులో మీ భయాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఉదాహరణకి, రేపు మీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే మీటింగ్ ఉందనుకోండి, నిద్ర పట్టడం లేదు. "ప్రభువా, రేపు పదకొండింటికి మీటింగ్. ఏం జరుగుతుందోనని భయంగా ఉంది, ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలో తెలియడం లేదు. నన్ను విడువనని అన్నావు. ఆ గదిలో కూడా నువ్వు నాతో ఉంటావని నమ్ముతున్నాను, నా నోట అబద్ధం రాకుండా, కోపం రాకుండా కాపాడు." ఇంతే. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. 13వ కీర్తనలో దావీదు "ఎన్నాళ్లవరకు" అని మళ్లీ మళ్లీ అడిగాడు, దేవుడు దాన్ని తప్పు పట్టలేదు సరికదా మనం పాడుకోవడానికి గ్రంథంలో ఉంచాడు.

అడిగేటప్పుడు ఈరోజుకి సరిపడా బలమే అడగండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా సంగతి తెలుసు కదా, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మోషే మాట వినకుండా తెల్లారేదాకా దాచుకున్నవాళ్లది పురుగు పట్టింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, వచ్చే మూడేళ్ల కష్టాలన్నీ ఒకేసారి ఊహించుకుంటే వాటిని మోసే బలం మన దగ్గర కనపడదు, ఎందుకంటే ఆ రోజులింకా రాలేదు. ఏనాటి కీడు ఆనాటికి చాలునని ప్రభువు ఊరికే అనలేదు.

ప్రార్థన అయ్యాక లేచి పని చేయాలి. ఇక్కడ నాకు తను కాపురమున్న సిక్లగు ఊరి దగ్గర దావీదు గుర్తొస్తాడు (1 సమూయేలు 30 తప్పకుండా చదవండి). ఊరు కాలిపోయింది, భార్యాపిల్లల్ని శత్రువులు పట్టుకుపోయారు, సొంత మనుషులే రాళ్లతో కొట్టాలంటున్నారు. ఇక ఏడవడానికి శక్తి లేనంతవరకు ఏడ్చాడు. అప్పుడు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యం తెచ్చుకున్నాడు, ఏఫోదు (దేవుని చిత్తం అడగడానికి వాడే యాజకుడి వస్త్రం) తెప్పించి, శత్రువుల్ని తరమాలా వద్దా అని దేవుణ్ణి అడిగాడు, జవాబు రాగానే బయల్దేరాడు. ఏడవడం, అడగడం, కదలడం, మూడూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. మీ విషయంలో కదలడమంటే అప్పు ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి నిజం చెప్పడం కావచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్లడం కావచ్చు. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని ఎవరైనా అంటే నమ్మకండి, పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే.

మరి అడిగింది దొరక్కపోతే? పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న ఒక బాధను తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. తొలగిస్తానని జవాబు రాలేదు, "నా కృప నీకు చాలును" అని వచ్చింది. అలాంటి జవాబు వచ్చినప్పుడు మీ విశ్వాసంలో లోపం ఉందని మిమ్మల్ని మీరు కొట్టుకోవద్దు, ఇంకొకరిని అలా అనడం మరీ తప్పు. ముల్లు ఉన్న చోటే బలం అడగండి.

ఒక చిన్న నోట్‌బుక్‌లో దేవుడు చేసినవి తేదీతో రాసి పెట్టుకోండి, భయపడినప్పుడు మనకి ఏదీ గుర్తుండదు.

ఇవేవీ చేసే ఓపిక కూడా లేని రోజులుంటాయి. సిక్లగు నుంచి దావీదు వెంట బయల్దేరిన 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దాటలేకపోయారు. గెలిచి తెచ్చిన సొమ్ములో వాళ్లకి ఏమీ ఇవ్వొద్దని కొందరన్నారు, దావీదు ఒప్పుకోలేదు, సామాను దగ్గర ఉండిపోయినవాళ్లకీ సమానంగా పంచాడు. మీరు ఇప్పుడు అలాంటి స్థితిలో ఉంటే సంఘంలో మీరు నమ్మే ఒక్కరికి ఫోన్ చేసి, "నాకు ప్రార్థన రావడం లేదు, నా బదులు నువ్వు చెయ్యి" అని అడగండి. వాళ్లు ప్రార్థిస్తుంటే మీరు ఊరికే వింటూ కూర్చున్నా చాలు.