రైల్స్‌లో రైతు, చెరువు, మేత: లోపలి పొర దాకా జేసన్
ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మేత లెక్కలకు రైల్స్‌లో (రూబీ భాషలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్ రాస్తున్నప్పుడు గమనించిన సంగతి ఇది. రైతుతో పాటు అతని చెరువులు, ఒక్కో చెరువులో వేసిన మేత కూడా జేసన్‌లో (యాప్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం) రావాలంటే, జేసన్‌గా మార్చేటప్పుడు ఇచ్చే ఇన్‌క్లూడ్ అనే ఆప్షన్‌లో చెరువుల పేరు ఒక్కటే రాస్తే చాలదు. దాని కింద మరో హ్యాష్ (పేరు-విలువల జతలు) తెరిచి, అందులో మేతకు మళ్లీ ఇన్‌క్లూడ్ రాయాలి. ఏ వివరాలు మాత్రమే రావాలో చెప్పే ఓన్లీ కూడా ఏ పొరకు ఆ పొరలోనే ఇవ్వాలి. పైన రాసినది కిందికి దిగదని మరచి, నేను మేత ధరలన్నీ బయటపెట్టాను.

ఈ ఇన్‌క్లూడ్ డేటాబేసు నుంచి వివరాలను ముందుగా తెచ్చిపెట్టదు. 40 మంది రైతులకు తలా 3 చెరువులుంటే రైతులకు 1, చెరువులకు 40, మేతకు 120, అంటే మొత్తం 161 క్వెరీలు (డేటాబేసును అడిగే ప్రశ్నలు) నడుస్తాయి. కంట్రోలర్‌లో (యాప్‌కు వచ్చే అభ్యర్థనలను అందుకునే కోడ్) రైతులను తెచ్చే చోటే ఇన్‌క్లూడ్స్ (చివర ‘స్’ ఉన్నది) అని చెరువులను, మేతను కలిపి రాస్తే మూడింటితో సరిపోతుంది.