కనెక్టింగ్ రాడ్ బోల్టులను సాగుదల చూసి బిగించే పద్ధతి

అనంతపురం పల్లెల్లో శనక్కట్టెను బండికెత్తినవారికి మోకు సంగతి తెలుసు. బండి కదలకముందే మోకును బిర్రుగా లాగి కట్టితే గతుకుల్లో మోపు ఎగరదు, మోకూ ఒరుసుకోదు. వదులుగా కట్టితే ప్రతి గతుకుకూ ఒకసారి సాగి, ఒకసారి సడలి, ఇల్లు చేరేలోపు పోగులు తెగుతాయి. పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకు) కలిపేది కనెక్టింగ్ రాడ్; దాని కింది చివరను క్రాంక్ చుట్టూ పట్టి ఉంచే బోల్టు చేసే పని కూడా ఇదే. ఇంజిన్ తిరిగేటప్పుడు పడే లాగుడు కంటే మనం ముందుగా బిగించిన బిగువు ఎక్కువగా ఉన్నంతవరకు, ఆ లాగుడులో బోల్టుకు తగిలేది చాలా కొద్ది భాగమే.

ఎగ్జాస్ట్ స్ట్రోక్ (కాలిన పొగను బయటికి నెట్టే కదలిక) చివర పిస్టన్ పైకి వెళ్లి వెనుదిరిగే క్షణంలో, పైనుంచి అదిమే వాయుపీడనం లేనప్పుడు, ఈ లాగుడు అత్యధికంగా ఉంటుంది. పిస్టన్, పిన్, రాడ్ పైభాగం కలిపి అర కిలో, పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) 80 మి.మీ., రాడ్ పొడవు 130 మి.మీ. అనుకుంటే, 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సుమారు 1050 కిలోల లాగుడు వస్తుంది. 7000 దగ్గర అది 1430 కిలోలకు చేరుతుంది. వేగం ఆరో వంతు పెరిగితే లాగుడు మూడో వంతుకు పైగా పెరిగిందన్నమాట. కనుకనే మామూలు ఇంజిన్‌లో సరిపోయిన అంచనా బిగువు ఇంత వేగంగా తిరిగే రేసింగ్ ఇంజిన్‌లో పనికిరాదు.

టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని చూపే రెంచ్) చూపే అంకె బిగువుకు నేరుగా కొలత కాదు; బోల్టు ఎంత సాగిందో కొలిస్తేనే అసలు బిగువు తెలుస్తుంది. మనం వాడే బలంలో దాదాపు తొంభై పాళ్లు బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతాయి. బోల్టును సాగదీసేది మిగిలిన పది పాళ్లే. ఇంజిన్ ఆయిల్‌కు ఇచ్చిన టార్క్ అంకెను మోలీ గ్రీజు (ఇంకా బాగా జారే కందెన) పూసిన బోల్టుకు వాడితే రాపిడి తగ్గి బోల్టు హద్దు దాటి సాగుతుంది. పొడి మరలకు వాడితే బిగువు చాలదు. బోల్టుతో వచ్చిన కాగితంలో ఏ కందెన రాయమన్నారో అదే, మరలకూ తల కింది భాగానికీ రాయాలి. థ్రెడ్ లాకర్ (మరలను పట్టి ఉంచే జిగురు) వాడకూడదు.

ముందుగా ప్రతి రాడ్‌కూ దాని క్యాప్‌కూ (బోల్టులతో బిగించే కింది సగానికీ) ఉన్న నంబర్లు సరిచూసి, రాడ్‌ను రాడ్ వైజ్‌లో పట్టించాలి. కొత్త రకం బోల్టులు వేస్తే బిగ్ ఎండ్ (క్రాంక్‌ను పట్టే పెద్ద చివర) రంధ్రం గుండ్రదనం మారుతుంది కాబట్టి, షెల్స్ (లోపల కూర్చునే బేరింగ్ రేకులు) లేకుండా, చివరి బిగింపుకు వాడే పద్ధతిలోనే బిగించి బోర్ గేజ్‌తో కొలవాలి. తేడా ఉంటే హోనింగ్ (రంధ్రాన్ని సానరాళ్లతో సరిచేయడం) తప్పదు.

తర్వాత స్ట్రెచ్ గేజ్‌తో (బోల్టు సాగుదలను కొలిచే పరికరంతో) ప్రతి బోల్టు విడి పొడవును, అంటే బిగించకముందు పొడవును, రాసుకోవాలి. బోల్టు రెండు చివర్లలోని చిన్న గుంటల్లో గేజ్ మొనలు కూర్చుంటాయి. ఒకసారి నా దగ్గర ఒకే బోల్టు మూడుసార్లు మూడు కొలతలు చూపింది. భూతద్దం పెట్టి చూస్తే గుంట అడుగున ఆవగింజలో సగమంత గ్రీజు ముద్ద, దానిలో మన ఊరి ఎర్రటి దుమ్ము కనిపించాయి. గుంటలను అగ్గిపుల్లకు చుట్టిన గుడ్డతో తుడవడం అప్పటినుంచి నాకు అలవాటు. ఎండ కూడా కొలతను మారుస్తుంది: 50 మి.మీ. ఉక్కు బోల్టు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.009 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి మే నెలలో ఈ పనిని తెల్లవారుజామున, షట్టరు సగం దించి, బోల్టులూ గేజూ ఒకే బల్ల మీద రాత్రంతా ఉంచి చేస్తాను.

మళ్లీ వాడదగిన రేసింగ్ బోల్టులను తయారీదారు చెప్పినన్నిసార్లు బిగించి వదిలితే మరలు నునుపెక్కి రాపిడి నిలకడకు వస్తుంది. ఒకేసారి వాడవలసిన, కోణం లెక్కతో బిగించే ఫ్యాక్టరీ బోల్టులకు మాత్రం ఇలా ఎన్నడూ చేయకూడదు. రాడ్‌ను క్రాంక్‌కు తొడిగి చేసే చివరి బిగింపులో రెండు బోల్టులనూ మార్చి మార్చి సగం వరకు తెచ్చి, ఆపై ఆగకుండా ఒకే లాగుడులో బిగించి, గేజ్ ముల్లు చూడాలి. చాలా రేసింగ్ బోల్టులకు సాగుదల 0.13 నుంచి 0.15 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది, అయినా మీ బోల్టు కాగితంలోని అంకెదే చివరి మాట. టార్క్ చేరినా సాగుదల చాలకపోతే కొద్దికొద్దిగా బిగిస్తూ కొలవాలి. హద్దు దాటితే వెంటనే వదులుచేసి విడి పొడవును మళ్లీ చూడాలి. మొదటి కొలత కంటే 0.025 మి.మీ. పెరిగి ఉంటే ఆ బోల్టు ఎంత ఖరీదైనదైనా పక్కన పడేయాలి. గేజ్ మొన అందని మూసిన రంధ్రాల్లో తయారీదారు ఇచ్చిన టార్క్, కోణం పద్ధతినే పాటించాలి.

ఒక్కొక్క రాడ్ పూర్తయ్యాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూసి, బోల్టు తలపై పెయింటు గీత పెట్టి, సిలిండర్ నంబరు, బోల్టు స్థానం, విడి పొడవు, బిగించిన పొడవు ఒకే కాగితంపై రాయాలి. ఇంజిన్‌ను మళ్లీ విప్పిన రోజున ప్రతి బోల్టునూ ఈ పాత విడి పొడవుతోనే పోల్చి, తిరిగి వాడాలో వద్దో తేల్చాలి కనుక, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బండి యజమానికే ఇస్తాను.