ట్రాక్టర్ ట్రాలీకి వెనక కెమెరా బిగించడం ఎలా?

యాసంగి వడ్లు కోతకు వచ్చాక నల్లగొండ జిల్లాలో ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఇదే తంతు కనిపిస్తుంది. కుప్పల మధ్య ఇరుకు సందులో నిండు ట్రాలీని వెనక్కి తీయాలి. వెనక ఒకరు నిలబడి "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపుతారు. ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడో, టార్పాలిన్ మడత పెట్టడానికి అక్కడే వంగాడో సీటు మీద ఉన్న డ్రైవరుకు తెలియదు. ఆ చూపు లేని చోటు కోసమే కెమెరా. నేను కొన్నేళ్లుగా ట్రాలీలకు కెమెరాలు బిగిస్తున్నాను. అంతకంటే ఎక్కువగా, వేరొకరు బిగించి పాడుచేసినవాటిని విప్పి మళ్లీ బిగిస్తున్నాను. నా దగ్గరకు వచ్చినవాటిలో కెమెరా చెడిపోయినవి తక్కువ. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉన్న ఆ రెండడుగుల ఖాళీలో తీగ చెడినవే ఎక్కువ. అందుకే కెమెరా గురించి తక్కువగా, ఆ ఖాళీ గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఏది కొనాలి

కారు కెమెరా కొనకండి. పసుపు పిన్నుతో వచ్చే ఆ సన్న తీగ కారు డిక్కీ దాకా సరిపోతుంది కానీ గుంతల దారిలో ట్రాలీ కుదుపులకు నిలవదు. లారీలకు, బస్సులకు వాడే రకం తీసుకోండి. వాటి తీగలకు నాలుగు పిన్నుల, మరతో బిగించే గుండ్రటి కనెక్టరు ఉంటుంది. 12 వోల్టులకు, 24 వోల్టులకు రెండింటికీ పనిచేసేదైతే మంచిది. ఏహెచ్‌డీ (అనలాగ్ హై డెఫినిషన్) కెమెరా కొంటే తెర కూడా ఏహెచ్‌డీని చూపగలిగేదై ఉండాలి. లేకపోతే బొమ్మ రాదు, మీరు కెమెరాను తిడతారు.

ఐపీ 67 అని రాసి ఉంటే దుమ్ము చొరబడదని, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ పంపుతో కడిగే నీటి తాకిడి వేరు. దానికి నిలిచేది ఐపీ 69కే. కరిగట్టు పొలంలో దిగి వచ్చిన ట్రాలీని ఎవరైనా పంపుతోనే కడుగుతారు కాబట్టి ఆ రెండోదే కొనమంటాను. చూపు కోణం 120 నుంచి 130 డిగ్రీలు చాలు. 170 డిగ్రీలది గొప్పగా కనిపిస్తుంది గానీ, దానిలో మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ ఎక్కడో ఊరి చివర ఉన్నట్టు చిన్నగా కనిపించి మోసం చేస్తుంది.

వైర్‌లెస్ కెమెరా గురించి రోజుకొకరు అడుగుతారు. నేను బిగించను. తీగ లేదంటారు గానీ ఆ కెమెరాకు కూడా కరెంటు కావాలి, కాబట్టి ట్రాలీలోకి ఒక తీగ ఎలాగూ వెళ్లాలి. తీగ వెళ్లక తప్పనప్పుడు బొమ్మ కూడా ఆ దారినే వస్తే పోయేదేముంది? మధ్యలో ఇనుప డబ్బా, దాని నిండా తడి వడ్లు అడ్డుండగా సిగ్నల్ తడబడుతుంది. అర సెకను బొమ్మ నిలిచిపోయిందంటే ఆ అర సెకనులో వెనక చక్రం ఎక్కడికి వెళ్లిందో మీకు తెలియదు.

తీగ పొడవును దుకాణంలో ఊహించి చెప్పకండి. డ్యాష్‌బోర్డు నుంచి ట్రాలీ తోక వరకు, వంపులన్నీ తిరుగుతూ, సుతిలి తాడు పరిచి కొలవండి. మామూలు ట్రాలీకి పది మీటర్ల తీగ, దానితోపాటు కొక్కెం దగ్గర ఖాళీ దాటడానికి విడిగా ఒక చుట్టల కేబుల్ సరిపోతాయి.

ఎక్కడ బిగించాలి

వెనక డోరు మీద మాత్రం వద్దు. అది తెరుచుకునేది, ఊడదీసేది, హమాలీ కాలు పెట్టి ఎక్కేది. డబ్బా పైఅంచున బిగిస్తే అందంగానే ఉంటుంది, కానీ వరిగడ్డి గానీ పత్తి గానీ ఎత్తగానే సరుకు వెనక్కి వేలాడి కెమెరాను కప్పేస్తుంది. నేను చాసిస్ చివరి అడ్డ ఛానెల్ మీద, టెయిల్ ల్యాంపు పక్కన, అంచు నుంచి నాలుగు వేళ్లు లోపలికి పెడతాను. బురద చిమ్మకుండా పైన చిన్న రేకు గొడుగు ఉంటే చాలు.

బెజ్జం వేసే ముందు కెమెరాను టేపుతో అతికించి, డోరు పూర్తిగా దించి చూడండి. టిప్పరు ట్రాలీ అయితే ఖాళీ డబ్బాను పైకి లేపి కూడా చూడండి. వేలాడే డోరు దాన్ని తాకినా, జారే వడ్లు దాని మీద పడేటట్టు ఉన్నా పక్కకు జరపండి. క్లాంపుకు వెల్డింగ్ చేయించాల్సి వస్తే కెమెరాను, దాని తీగను ముందే విప్పేయండి, బ్యాటరీ తీగ కూడా తీసేయండి. వెల్డింగ్ కరెంటు దారి తప్పి తీగలోకి వచ్చిందంటే కెమెరా అక్కడికక్కడే పోతుంది. బోల్టులకు మామూలు నట్టు కాకుండా, లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్టు వాడండి. కుదుపులకు మామూలు నట్టు వారంలో వదులవుతుంది.

కొక్కెం దగ్గర తీగ

ఇక్కడ తొందరపడకండి. మిగతా పనంతా గంటలో అయిపోతే, ఈ ఒక్క పనికి పూట పట్టినా ఫరవాలేదు.

ట్రాక్టరు మలుపు తీసుకున్నప్పుడు హుక్కు పిన్ను ఒక్కటే స్థిరంగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్నవన్నీ దగ్గరవుతాయి లేదా దూరమవుతాయి. తీగ దాటే చోటు ఆ పిన్నుకు ఎంత పక్కగా ఉంటే మలుపులో తీగ అంత సాగాలి. కాబట్టి ట్రాక్టరు వైపు సాకెట్టును, ట్రాలీ వైపు సాకెట్టును రెండింటినీ పిన్నుకు సరిగ్గా పైన, నడిమధ్యన వచ్చేటట్టు పెట్టాలి. కుడి మడ్‌గార్డు మీద ఖాళీ ఉంది కదా అని అక్కడ సాకెట్టు బిగించేవాళ్లు ఉన్నారు. కుడి వైపు తిప్పితే తీగ కింద వేలాడుతుంది, ఎడమ వైపు తిప్పితే తెగుతుంది.

అయితే ఆ నడిమధ్య చోటులోనే పీటీవో షాఫ్టు, అంటే ఇంజను శక్తిని వెనక తగిలించే యంత్రాలకు అందించే తిరుగుడు కడ్డీ ఉంటుంది. నిమిషానికి 540 సార్లు తిరిగే ఆ షాఫ్టుకు తీగ ఒక్క చుట్టు తగిలిందంటే ట్రాలీ వైపు తీగనంతా లాగి చుట్టేసుకుంటుంది. షాఫ్టు మీద మూత లేకపోతే ముందు మూత పెట్టించండి. తీగను మాత్రం దానికి జానెడు పైనుంచి, సన్న ఇనుప చువ్వతో చేసిన ఊత మీదుగా దాటించండి. ఇంకో పొరపాటు ఏమిటంటే, తీగ కింద పడకుండా ఉండాలని నాగలి లాంటివి తగిలించే కింది లింకు చేతులకు ట్యాగులతో కట్టేయడం. ట్రాలీ తగిలించి ఉన్నంతకాలం ఆ చేతులు కదలవనుకుంటారు. ఎవరో పిల్లవాడు సీటెక్కి హైడ్రాలిక్ లివరు ఎత్తితే చేతులు పైకి లేస్తాయి, తీగ రెండు ముక్కలవుతుంది. హైడ్రాలిక్ గొట్టానికి కట్టడం కూడా అంతే. డబ్బా లేపేటప్పుడు ఆ గొట్టం కదులుతుంది, జాయింటు దగ్గర నూనె కారితే తీగ పైపొర ఉబ్బి మెత్తబడుతుంది.

ఈ ఖాళీ దాటడానికి మామూలు తీగ కాకుండా స్ప్రింగులా సాగే చుట్టల కేబులే వాడాలి. దాన్ని తగిలించి, ఖాళీ స్థలంలో ట్రాక్టరును ఎడమకు పూర్తిగా, తర్వాత కుడికి పూర్తిగా మలిపి, రెండుసార్లూ దిగి చూడండి. పూర్తి మలుపులో కూడా కేబుల్ తన మొత్తం సాగుడులో సగానికి మించి సాగకూడదు. ఆ తర్వాత ఒక పొలం ఒడ్డు ఎక్కించి దించండి. ట్రాక్టరు ముక్కు పైకి లేచి, ట్రాలీ ముక్కు కిందికి వంగినప్పుడు కొక్కెం దగ్గర ఏమవుతుందో సమతల రోడ్డు మీద ఎన్నడూ తెలియదు. నేను కూడా మొదట్లో మలుపు మాత్రమే చూసి, ఒడ్డు సంగతి మరిచిపోయి, ఒక రైతుకు రెండోసారి కేబుల్ నా డబ్బుతోనే వేసిచ్చాను.

సాకెట్టు నోరు కిందికి ఉండాలి, పైకి ఉంటే వానకు గిన్నెలా నిండుతుంది. తీగను సాకెట్టు పక్కనే ఇనుముకు క్లాంపుతో గట్టిగా పట్టించండి. ట్రాలీ విప్పేటప్పుడు కేబుల్ పీకడం మరిచిపోయి ట్రాక్టరు ముందుకు తీసే రోజు తప్పక వస్తుంది. ఆ రోజు లాగుడంతా క్లాంపు మీద పడి, తెగేది ఆ చుట్టల కేబుల్ ఒక్కటే కావాలి. కెమెరా గానీ, చాసిస్ లోపల పరిచిన పది మీటర్ల తీగ గానీ కాకూడదు.

టెయిల్ ల్యాంపుల కోసం ఉన్న ఏడు పిన్నుల సాకెట్టులోనే బొమ్మ తీగను కూడా పంపేద్దామని కొందరు సలహా ఇస్తారు. బొమ్మ తీగకు చుట్టూ జాలీ కవచం ఉండాలి. ల్యాంపు తీగలతో కలిపి కవచం లేకుండా పంపితే బొమ్మలో గీతలు, నీడలు వస్తాయి. వద్దు.

ఎర్తు సంగతి

మిర్యాలగూడ వైపు నుంచి ఒకాయన ట్రాలీ తోలుకొని వచ్చి, "అన్నా, బ్రేకు తొక్కంగనే బొమ్మ ఊగుతున్నది, ఇది మూడో కెమెరా" అన్నాడు. బ్రేకు తొక్కిపట్టమని చెప్పి, కెమెరా తీగను రెండు వేళ్లతో పట్టుకుని చూశాను. వేడిగా ఉంది. కెమెరాకు పావు ఆంపియరు కూడా అక్కరలేదు, దాని తీగ వేడెక్కే పనే లేదు.

జరిగింది ఇది. ఆ ట్రాలీ ల్యాంపులకు విడిగా ఎర్తు తీగ లేదు. హుక్కు, పిన్ను ద్వారానే కరెంటు ట్రాక్టరుకు తిరిగి వెళ్లాలి. పిన్నుకు తుప్పు, పైన గ్రీజు, దాని మీద మట్టి. ఆ దారి మూసుకుపోయింది. ఒక్కొక్కటి 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు కలిపి మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఆ కరెంటుకు వేరే దారి దొరకక, ట్రాలీ ఇనుముకు తగిలి ఉన్న కెమెరా ఒంట్లోంచి, దాని సన్న ఎర్తు తీగ గుండా వెళ్తున్నది. మూడు కెమెరాలు మార్చినవాళ్లలో ఒక్కరు కూడా పిన్ను వైపు చూడలేదు.

కాబట్టి కెమెరా ఒంటికీ ట్రాలీ ఇనుముకూ మధ్య రబ్బరు వాషరు పెట్టండి, బోల్టుకు కూడా రబ్బరు బుష్ తొడగండి. ల్యాంపులకు ట్రాక్టరు చాసిస్ నుంచి విడిగా మందపాటి ఎర్తు తీగ వేయండి. హుక్కు బండిని లాగడానికి ఉన్నది, కరెంటు మోయడానికి కాదు. రెండు పనులూ అయ్యాక హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు ఒక్కొక్కటిగా వేసి చూడండి. దేనికీ బొమ్మ కదలకూడదు.

కరెంటు, తెర

కీ తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి తీసుకుని, ఆ తీసుకున్న చోటే 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. రివర్స్ గేరుకు కలపమని అడుగుతారు. నేను కలపను. కీ తిప్పిన దగ్గరి నుంచి తెర వెలుగుతూ ఉండాలి. చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా జాతీయ రహదారి మీద వెళ్లేటప్పుడు ట్రాలీ వెనక అంటుకుని వచ్చే మోటారు సైకిలు అద్దాల్లో కనబడదు, కెమెరాలో కనబడుతుంది. సెల్ఫు కొట్టినప్పుడు తెర ఒకసారి ఆరి వెలగడం దోషం కాదు, ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ మాత్రం తీయకండి. ఆ దెబ్బకు వోల్టేజి ఎగిరి తెర కాలిపోవచ్చు.

మన ట్రాక్టర్లలో ఎక్కువవాటికి క్యాబిన్ ఉండదు, పైన టాపు ఒక్కటే. అందుకని తెర తడి తట్టుకునేది కావాలి, లేదా పీకి ఇంటికి తీసుకెళ్లేలా ఉండాలి. రెండోదే మేలు, ఎందుకంటే రాత్రి కల్లంలో వదిలిన తెర పొద్దున ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. ఏడు అంగుళాలది తీసుకుని, ఎండ పడకుండా నల్ల రేకుతో గొడుగు చేయించండి.

బొమ్మ సరిచేయడం

బొమ్మ అద్దంలోలా తిరగబడి కనిపించాలి. ట్రాలీ కుడి మూల తెరలోనూ కుడివైపే రావాలి. చాలా కెమెరాలకు రెండు చిన్న తీగ ఉచ్చులు వస్తాయి. ఒకటి కత్తిరిస్తే పార్కింగ్ గీతలు పోతాయి, ఇంకొకటి కత్తిరిస్తే బొమ్మ తిరుగుతుంది. ఏది ఏమిటో డబ్బాలోని కాగితం చదివాకే కత్తెర పెట్టండి. ఆ రంగు గీతలను నేను తీసేస్తాను. అవి కారు కోసం లెక్కకట్టినవి. కొక్కెం దగ్గర మలిగే ట్రాలీకి వాటి వంపు సరిపోదు.

గీతలకు బదులు ఇటుకలు వాడండి. కెమెరాను కొంచెం కిందికి వంచి, తెర అడుగున ట్రాలీ ఇనుప అంచు సన్నగా కనిపించేటట్టు బిగించండి. ఆ అంచు నుంచి మీటరు దూరంలో ఒకటి, రెండు మీటర్ల దూరంలో ఒకటి ఇటుక పెట్టి, తెర మీద ఆ ఇటుకలు కనిపించే చోట ఎర్ర టేపు ముక్కలు అతికించండి. రెండు చక్రాల ట్రాలీ అయితే ఈ పనిని మీ సొంత ట్రాక్టరుకు తగిలించాకే చేయాలి, ఎందుకంటే హుక్కు ఎత్తు మారితే ట్రాలీ తోక వంగి కెమెరా చూపు కూడా మారుతుంది. పక్కింటి ట్రాక్టరుకు తగిలించిన రోజు ఆ టేపును నమ్మకండి.

పత్తి తోలే రోజుల్లో కెమెరా కంటికి పీచు అతుక్కుంటుంది. ఎండు గుడ్డతో రుద్దితే దుమ్ము గీతలు పడతాయి, ముందు నీళ్లు పోసి తర్వాత మెత్తటి గుడ్డతో తుడవండి. చుట్టల కేబుల్ ఒకటి అదనంగా కొని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి టూల్‌బాక్సులో వేసి పెట్టండి.