ట్రెక్కింగ్‌కి తేలికైన గాలి మ్యాట్ ఎలా ఎంచుకోవాలి?

గాలి నింపే మ్యాట్ కొనేటప్పుడు ముందుగా బరువు చూస్తాం. మోసేది మన భుజాలే కాబట్టి అది సహజం. కానీ బరువు చివర్లో తేల్చుకోవాల్సిన లెక్క. చలికి రాత్రంతా మెలకువగా గడిపితే, 100 గ్రాములు తగ్గించుకున్న లాభం మర్నాడు నడకలో కనిపించదు.

1. ముందు చలి సంగతి తేల్చుకోండి

మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది కదా, చాలదా అనిపించవచ్చు. చాలదు. మన బరువుకి వీపు కింద ఉన్న బ్యాగ్ భాగం అణిగిపోతుంది, అణిగిన చోట వెచ్చదనం నిలవదు. నేలేమో ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపాల్సింది మ్యాటే.

ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు. ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. వేసవి రాత్రులకు 2 సరిపోతుంది. వసంతంలో, శరదృతువులో చల్లటి చోట్లకు 3 నుంచి 4 చూసుకోండి. మంచు మీద పడుకోవాలంటే 5 దాటాల్సిందే. చలి ఎక్కువగా అనిపించేవాళ్లు ఒక మెట్టు పైకి వెళ్లడం మేలు.

ఈ అంకెను కొలవడానికి ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం ఉంది. 2020 ప్రాంతం నుంచి పేరున్న కంపెనీలు చాలావరకు దాన్నే పాటిస్తున్నాయి. అంతకుముందు ఎవరి కొలత వారిదే. సెకండ్ హ్యాండ్‌లో పాత మ్యాట్ కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మందంగా ఉంటే వెచ్చగా ఉంటుందనుకోవడం మాత్రం పొరపాటు. లోపల వేడిని ఆపే పొరలేవీ లేకపోతే 8 సెంటీమీటర్ల మ్యాట్‌లోనూ గాలి అటూ ఇటూ తిరుగుతూ వేడిని కిందికి దించేస్తుంది.

ఇంకో వెసులుబాటు ఏమిటంటే, ఆర్-వాల్యూలను కూడుకోవచ్చు. 3 ఉన్న గాలి మ్యాట్ కింద 2 ఉన్న ఫోమ్ షీట్ పరిస్తే 5 అవుతుంది. ఏడాదికోసారి మంచులోకి వెళ్లేవాళ్లు దానికోసం ఇంకో ఖరీదైన మ్యాట్ కొనక్కర్లేదు. పైగా ముళ్ల నుంచి కాపాడేది ఆ ఫోమే.

2. మీరెలా పడుకుంటారో చూడండి

వెల్లకిలా పడుకునేవాళ్లకు 5 సెంటీమీటర్ల మందం చాలు. పక్కకు తిరిగి పడుకుంటే తుంటి, భుజం నేలకు తగులుతాయి కాబట్టి 7 లేదా 8 కావాలి. కుదిరితే షాపులోనే గాలి నింపించి, పక్కకు ఒత్తిగిలి చూడండి. మొహమాటపడకండి.

మామూలు వెడల్పు 51 సెంటీమీటర్లు. నిద్రలో దొర్లేవాళ్లకు 63 దాకా ఉన్నవి నయం, బరువు కాస్త పెరిగినా సరే. కాళ్ల వైపు సన్నబడే ఆకారంలో గ్రాములు తగ్గుతాయి కానీ మడమలు పక్కకు జారిపోతుంటాయి. 120 సెంటీమీటర్ల పొట్టి మ్యాట్ తీసుకుని కాళ్ల కింద ఖాళీ బ్యాగు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. చలిలో ఆ పద్ధతి నాకైతే నచ్చదు.

3. బట్ట, చప్పుడు, వాల్వ్

బట్ట దారం ఎంత మందమో డెనియర్‌లో చెబుతారు. 20 డెనియర్ తేలిక, కానీ కింద ఏమీ పరవకుండా రాళ్ల మీద వేయకూడదు. 30 దాటితే కొంత ధీమా. లోపల మెరిసే పొరలున్న కొన్ని మ్యాట్లు కదిలినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్‌లా చప్పుడు చేస్తాయి, టెంట్‌లో పక్కవాళ్లకు నిద్ర ఉండదు. గాలి నింపడానికి పంప్ సంచీ ఇస్తున్నారా అని అడగండి. నోటితో ఊదితే లోపల తేమ చేరి బూజు పట్టవచ్చు.

4. ఇప్పుడు బరువు

పై మూడూ తట్టుకుని నిలిచినవాటిలో అన్నిటికంటే తేలికైనది తీసుకోండి. 500 గ్రాముల లోపు ఉంటే అల్ట్రాలైట్ కిందే లెక్క. చిల్లు పడితే అతికించే ప్యాచ్ కిట్ బరువు కూడా అందులో కలపండి, అది లేకుండా కొండెక్కకూడదు.

5. ఇంట్లో ఒక రాత్రి పడుకోండి

బిల్లు పారేయకముందే ఈ పని చేయండి. పొద్దున్నకి మెత్తబడితే కంగారుపడొద్దు, గది చల్లబడితే లోపలి గాలి కూడా కుంచించుకుపోతుంది. అదే పూర్తిగా చదునైపోతే మాత్రం సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. అతుకు దగ్గరో వాల్వ్ దగ్గరో వస్తుంటే ప్యాచ్ వేయకుండా తిరిగి ఇచ్చేయండి.